డిగ్రీ పట్టా ఎందుకు?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా ఉప్పల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్ఫై ఏడేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఏ విషయమైనా నోట్ ఫైలులో రాసి "ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది" అని ముగించడం అలవాటు గాని, మైకు ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించగలరు.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీం కోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను అనేది యజమాని దయతలచి ఇచ్చే ఈనాం కాదు, ఉద్యోగి తన సేవతో సంపాదించుకున్న హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే ఏటా ఈ రోజును పండుగగా జరుపుకుంటున్నాం. అయితే ఆ 1982వ సంవత్సరం మనబోటి చిన్న ఉద్యోగులకు ఇంకొక మేలు కూడా చేసింది. దాన్ని మనవాళ్ళు అంతగా తలచుకోరు. ఆ ఏడే ఆగస్టు 26న మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశం మొత్తం మీద అదే మొదటిది. నేను దాని పట్టభద్రుణ్ణి. ఆ పట్టా వల్ల నాకు ఏమి ఒరిగిందో, పట్టా లేక మా తమ్ముడికి ఏమి తరిగిందో నాలుగు మాటలు చెప్పాలని నిలబడ్డాను. మా తమ్ముడు ఈ సభలోనే ఉన్నాడు. అతని అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మాది భువనగిరి దగ్గర పల్లెటూరు. నేను 1949లో పుట్టాను. హెచ్.ఎస్.సి. తర్వాత పి.యు.సి. ఎలాగో గట్టెక్కాను. అంతలో మా నాయన పోయారు, నా చదువు అక్కడితో ఆగింది. 1970లో ఎల్.డి.సి.గా ఉద్యోగం దొరికింది. అమ్మను, తమ్ముణ్ణి, చెల్లెలిని వెంటబెట్టుకుని నాచారంలో రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగాను. అప్పట్లో ఉప్పల్ వైపు ద్రాక్షతోటలు, నాచారం వైపు కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల గొట్టాలు. పొద్దున సైరన్ కూస్తే ఇంట్లో గడియారం సరిచేసుకునేవాళ్ళం.

నేను ఆఫీసుకు పోయే బస్సు తార్నాక దాటి ఉస్మానియా క్యాంపస్ మీదుగా వెళ్ళేది. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కాలేజీ భవనం మీకందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి దాన్ని బస్సు కిటికీలోంచి చూశాను గాని ఆ మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు. ఎవరైనా ఆపి "ఏం పని మీద వచ్చావయ్యా?" అంటే నా దగ్గర సమాధానం లేదు. సర్కారు ఉద్యోగస్థుణ్ణే, జీతం వస్తోంది, ఇంటద్దె కడుతున్నాను. అయినా ఆ భవనం ముందు మాత్రం ఏదో బాకీ ఉన్నట్టు తల దించుకునేవాణ్ణి.

మా తమ్ముడు నాకంటే అయిదేళ్ళు చిన్న. లెక్కల్లో నాకంటే చాలా చురుకు. 1973లో ఇంటర్ పాసై బి.కాం.లో చేరాడు. మరుసటి ఏడు చెల్లెలి పెళ్ళి కుదిరింది. జి.పి.ఎఫ్. లోను పెట్టాను, సొసైటీలో అప్పు తీశాను, అయినా చాలలేదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో మనిషి కావాలని తెలిసింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, "కాలేజీ ఎక్కడికీ పోదురా, ముందు ఇల్లు గట్టెక్కాలె" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. "సరే అన్నా, నువ్వెట్ల చెప్తే అట్ల" అన్నాడు. పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, అటక మీద పెట్టాడు.

పెళ్ళి జరిగింది. అందులో తప్పు లేదు. నా తప్పు ఆ తర్వాతిది. ఆనాటికే సాయంకాలపు కాలేజీలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972 నుంచి కరస్పాండెన్సు కోర్సులున్నాయి. 1977లో మన ఉస్మానియాలోనే అవి మొదలయ్యాయి. అంటే మా ఇంటికి రెండు మూడు మైళ్ళ దూరంలో. నేను ఎవర్నీ అడగలేదు. ఆఫీసులో ఎంత చిన్న కాగితం వచ్చినా "పూర్తి సమాచారం తెప్పించవలెను" అని రాయందే కదిలించని గుమాస్తాను. నా తమ్ముడి ఫైలు మాత్రం ఏ సమాచారమూ తెప్పించకుండా క్లోజ్ చేసి బీరువాలో పెట్టేశాను.

ఇక నా సంగతి. 1983లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఆ దెబ్బ తగిలినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. వారి బాధ నాకు తెలుసు. మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు, కిందివాళ్ళకు దారి దొరికింది. నాకు సీనియర్ అసిస్టెంటు ప్రమోషన్ అలా వచ్చింది. సెక్షన్‌లో ఏది అడిగినా చెప్పే పెద్దమనిషి పోయి, అడిగితే చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. అప్పుడు భయం పుట్టింది. ఆ భయంతోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను.

ఆ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు. అంతకు ముందు ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా చేశారు. 1969లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ పద్ధతి ఆయన చేతుల మీదుగా మన తెలుగు నేలకు వచ్చింది. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి కూడా ఆయననే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. ఆ తరువాత యు.జి.సి. అధ్యక్షులయ్యారు. 1995లో కాలం చేశారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి నేడు ఆయన పేరే ఉంది.

ఆనాటి పద్ధతి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. బడి సర్టిఫికెట్లు లేనివారికి కూడా అప్పట్లో ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేవారు. పాఠాలు తెలుగులో అచ్చువేసి ఇచ్చేవారు. రేడియోలో పాఠాలు వచ్చేవి. ఆదివారాలు అధ్యయన కేంద్రంలో తరగతులు. నా పక్క బెంచీ మీద ఒక బస్సు కండక్టరు, వెనక ఒక నర్సమ్మ, ముందు మనుమలున్న ఒక పెద్దాయన. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వేవారు కాదు. మా ఇంటావిడ ఆదివారం పనులన్నీ తన నెత్తిన వేసుకుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లో బల్బు కింద చదివేవాణ్ణి. 1986లో బి.ఏ. పాసయ్యాను. నాకప్పుడు ముప్ఫై ఏడేళ్ళు.

1991లో, అంబేద్కర్ గారి శతజయంతి వేళ, ఆ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆయన 1912లో బొంబాయిలో బి.ఏ. పాసయ్యారు. బడిలో విడిగా కూర్చోబెట్టిన పిల్లవాడు అంతదాకా వచ్చాడు. 1953లో ఇదే మన ఉస్మానియా పిలిచి ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దగ్గర దారి లేక దూరం నుంచి చదువుకునేవాళ్ళ విశ్వవిద్యాలయానికి అంతకంటే తగిన పేరు లేదని నా అభిప్రాయం.

ఆ బి.ఏ. వల్ల నాకు ఏమి వచ్చింది? ఉన్నమాట చెబుతాను. నా పోస్టులో ఒక్క ఇంక్రిమెంటు కూడా రాలేదు. ప్రమోషన్లన్నీ సీనియారిటీ మీద, డిపార్టుమెంటు పరీక్షల మీద నడిచాయి. నేను సీనియర్ అసిస్టెంటుగానే, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు స్కేలుతో 2007లో రిటైరయ్యాను. డిగ్రీ చదివితే జీతం పెరుగుతుందనుకునే లెక్కలో నాది శుద్ధ నష్టపు వ్యాపారం.

అయితే ఇంకొక లెక్క ఉంది. మనం సర్వీసు నిబంధనల జీ.వో.లు ఎన్ని కాపీ చేయలేదు! "రాజ్యాంగంలోని 309వ అధికరణం ద్వారా దత్తమైన అధికారాలను వినియోగించుకొని" అని మొదలవుతాయి. ఆ వాక్యాన్ని పదమూడేళ్ళు చేత్తో రాశాను, టైపు కొట్టించాను, సరిచూశాను. అందులో 309 అంటే ఏమిటో ఒక్కనాడూ అడగలేదు. బి.ఏ. రెండో సంవత్సరంలో రాజనీతి శాస్త్రం పుస్తకంలో రాజ్యాంగం పాఠం చదువుతుంటే ఆ అంకె కనబడింది. ప్రభుత్వోద్యోగుల నియామకం, సర్వీసు షరతుల మీద చట్టం చేసే అధికారం చట్టసభది, చట్టం చేసేదాకా నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వానిది అని అక్కడ ఉంది. రెండు పేజీల తరువాత 311. విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉద్యోగిని తీసివేయరాదని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఇన్నాళ్ళూ నా కొలువు ఎవరో పెద్దల దయ మీద నిలిచిందనుకున్నాను. అది ఒక పుస్తకంలో రాసిన మాట మీద నిలిచింది, ఆ పుస్తకం ఎవరైనా చదవవచ్చు!

ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో ఒక ఉదాహరణ. 1988లో మా సెక్షన్‌కు ఒక కుటుంబ పింఛను ఫైలు వచ్చింది. సర్వీసులో ఉండగా చనిపోయిన అటెండరు భార్యది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక రకంగా, నామినేషన్ కాగితంలో ఇంకొక రకంగా ఉంది. ఆ ఒక్క అభ్యంతరం మీద ఫైలు రెండుసార్లు తిరిగి వచ్చింది. ఆమె వేలిముద్ర మనిషి. వరండాలో కూర్చునేది. వెనకటి నేనైతే మూడోసారి కూడా "స్పష్టత కొరకు వాపసు" అని రాసి చేతులు దులుపుకునేవాణ్ణి. ఆసారి 1980 పింఛను నిబంధనల పుస్తకం తీసి స్వయంగా చదివాను. పింఛను ఇచ్చేది భార్యకు గాని అక్షరక్రమానికి కాదు, ఇద్దరూ ఒక్కరేనని మండల రెవెన్యూ అధికారి ధ్రువపత్రం తెప్పిస్తే చాలును అని ఒకటిన్నర పేజీ నోటు రాశాను. అధికారి సంతకం పెట్టారు. మూడు నెలల్లో ఆమెకు ఎరియర్లతో సహా డబ్బు అందింది. నేను పెద్ద ఘనకార్యం చేశానని కాదు. నిబంధనను వెనక ఎవరో చెప్పినట్టు కాకుండా, నా కళ్ళతో చదివి, ఇది ఇలా ఎందుకని రాసే ధైర్యం నాకు ఆ చదువు ఇచ్చింది.

ఇప్పుడు మా తమ్ముడి దగ్గరకు వస్తాను. ఇరవై మూడేళ్ళు ఆ ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేశాడు. ఏ నట్టు ఏ అరలో ఉందో చీకట్లో చెప్పగలిగేవాడు. 1997లో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి వాడికి నలభై మూడేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. స్టోర్సులోనే వాడి చేతికింద పని నేర్చుకున్న ఒక కుర్రవాడు బి.కాం. పాసై ఉన్నాడు. ఆ కుర్రవాడికి రెండు నెలల్లో ఉప్పల్‌లోనే అకౌంట్సు ఉద్యోగం దొరికింది. నేర్పినవాడి దరఖాస్తు మాత్రం ఎక్కడికి పోయినా "విద్యార్హత" అన్న గడి దగ్గర ఆగిపోయింది. పని తెలుసా అని అడిగేదాకా వాణ్ణి ఎవరూ రానివ్వలేదు. చివరికి ఒక గోదాములో రాత్రి కాపలా పని దొరికింది. నాకు ఆనాడు బుద్ధి వచ్చి, "ఓపెన్ యూనివర్సిటీలో చేరురా, వయసు అడ్డం కాదు" అన్నాను. వాడు కోపగించుకోలేదు. "అన్నా, అప్పుడు జరగాల్సిన మాట ఇది. ఇప్పుడు నేను చదువుతే పొయ్యి ఎవరు ముట్టిస్తరు?" అన్నాడు.

మనకు ఒక్క విడత డి.ఏ. ఆలస్యమైతే మెమొరాండాలు ఇస్తాం, ధర్నాకు కూర్చుంటాం. అది మన హక్కు, చేయవలసిందే. మా తమ్ముడికి వచ్చేది 1995 నాటి ఇ.పి.ఎఫ్. పింఛను పథకం కింద. దానికి డి.ఏ. అన్న మాటే లేదు. అంకె చెప్పను, మీరు నొచ్చుకుంటారు. ఒకే తల్లి బిడ్డలం, ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళం. డిసెంబరు 17 నాకు పండుగ, వాడికి మామూలు రోజు.

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. "డిగ్రీ లేకుండా పైకొచ్చినవాళ్ళు లేరా?" అంటారు. ఉన్నారు. "మన నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టిన ఎన్.టి. రామారావు గారు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగాన్నే మూడు వారాల్లో వదిలేసి సినిమాలకు పోలేదా?" అంటారు. నిజమే. కాని ఆయన బి.ఏ. పాసైన తరువాతే వదిలారు. ఉద్యోగం వదిలారు గాని డిగ్రీ మధ్యలో వదల్లేదు. పట్టా పెట్టెలో ఉన్నవాడు చేసే సాహసం వేరు, లేనివాడు చేసే సాహసం వేరు.

ఇంకొకరు, "డిగ్రీలు చేసి ఏం లాభం, వీధికి పది మంది ఖాళీగా ఉన్నారు" అంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. 2022 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-4 ప్రకటన వచ్చింది. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కాని అదే ప్రకటనలో ఇంకొక సంగతి చూడండి. నేను పి.యు.సి.తో చేరిన అదే కుర్చీకి, జూనియర్ అసిస్టెంటుకు, నేడు డిగ్రీ ఉండాలన్నారు. మన పల్లెటూళ్ళలో పెళ్ళి భోజనాల బంతి గుర్తు చేసుకోండి. విస్తరి వేసుకున్నంత మాత్రాన అన్నం పడ్డట్టు కాదు. వడ్డించేవాడు మన దగ్గరకు వచ్చేసరికి గిన్నె ఖాళీ కావచ్చు. కాని విస్తరి లేనివాడి ముందు ఆ మనిషి ఆగనే ఆగడు.

మా తమ్ముడు ఈ సంగతి నాకంటే ముందే గ్రహించాడు. పెద్దమ్మాయి డిగ్రీ రెండో ఏడులో ఉండగా మంచి సంబంధం వచ్చింది. నేను మళ్ళీ పాత అన్ననే అయి, "మంచి సంబంధంరా, కానిచ్చేద్దాం" అన్నాను. రాత్రి కాపలా కాసి వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నా మాటకు మొదటిసారి అడ్డం చెప్పాడు. "అన్నా, పట్టా చేతికి రాంది పెళ్ళి పత్రిక కొట్టిచ్చేది లేదు" అన్నాడు. ఆ సంబంధం పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆ అమ్మాయి 2003లో ఉస్మానియా పట్టా అందుకుంది, తరువాత బి.ఇడి. చేసి టీచరైంది. పట్టా వచ్చిన రోజు వాడు మమ్మల్నందరినీ ఆర్ట్స్ కాలేజీకి తీసుకుపోయి మెట్ల మీద ఫోటో తీయించాడు. ముప్ఫై మూడేళ్ళు బస్సులోంచి చూసిన ఆ మెట్లు నేను ఎక్కింది ఆ రోజే.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ అమ్మాయి కొడుకు, మా తమ్ముడి మనుమడు, డిగ్రీలో రెండు పేపర్లు మిగిల్చుకున్నాడు. సాయంత్రం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం పోతాడు, రాత్రి డ్యూటీ చేసి పొద్దున వస్తాడు. "పెద్దతాతా, నాకు జీతం వస్తుంది గదా, ఇంక ఆ రెండు పేపర్లు ఎందుకు?" అంటాడు. 1974లో నేను వాళ్ళ తాతతో అన్నదీ అదే మాట, జీతం వస్తుందనే. ఆ జీతం ఇరవై మూడేళ్ళు వచ్చింది. ఇరవై నాలుగో ఏట ఆగింది.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి రెండు పేపర్లు ఉంటాయి. కొడుకువి కావచ్చు, పెళ్ళితో చదువు ఆగిన కోడలివి కావచ్చు. వాటి కోసం ఒక పాత గుమాస్తాగా నాలుగు సూచనలు చేస్తాను.

మొదటిది, మిగిలిన పేపర్లకు గడువు ఉంటుంది. అది దాటినవారికి విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ప్రత్యేక అవకాశం ప్రకటిస్తాయి. ఆ ప్రకటన కోసం ఇంట్లో ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి. రిటైరైనవాళ్ళం, మనకంటే తీరికైనవాళ్ళు ఎవరు?

రెండవది, దూరవిద్య అంటే చిన్నచూపు వద్దు. గుర్తింపు ఉన్న సంస్థల నుంచి దూరవిద్యలో పొందిన డిగ్రీ, కాలేజీకి వెళ్ళి పొందిన డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. అయితే చేరే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యు.జి.సి. ప్రకటిస్తూ ఉంటుంది. చదవకుండా, పరీక్ష రాయకుండా పట్టా ఇప్పిస్తామనేవాణ్ణి గడప తొక్కనివ్వకండి.

మూడవది, ప్రవేశానికి నా రోజుల నాటి నిబంధనలే ఇప్పుడూ ఉన్నాయనుకోవద్దు. అధ్యయన కేంద్రానికి స్వయంగా వెళ్ళి అడగండి.

నాలుగవది, పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, డిగ్రీ కాగితాల్లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేది ఒకేలా ఉండేట్టు ఇప్పుడే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఏమి చేస్తుందో ఆ అటెండరు భార్య కథలో చెప్పాను. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోక అసలు పట్టా తెచ్చుకోండి. లామినేషన్ చేయించి పాడుచేయకండి.

చివరిగా ఒక మాట. మా తమ్ముడు మూడో వరుసలో కూర్చున్నాడు. యాభై ఏళ్ళు దాటినా ఈ మాట వాడితో ఇంట్లో అనలేకపోయాను. పెద్దవాణ్ణి కదా, నోరు రాలేదు. తమ్ముడూ, ఆనాడు నీ కాలేజీ మాన్పించడం అవసరమే కావచ్చు. తరువాత మళ్ళీ చేర్పించకపోవడం మాత్రం నా తప్పు. నీ జీతంతో చెల్లెలి పెళ్ళి అప్పు తీరింది, ఆ అప్పు తీరబట్టే నేను నిశ్చింతగా పుస్తకం పట్టుకోగలిగాను. నా బి.ఏ. పట్టా మీద నా పేరు ఒక్కటే ఉంది. ఉండవలసినవి రెండు పేర్లు.

మనుమడి ఆ రెండు పేపర్ల పరీక్ష ఫీజు నేను కడతాను. చదివించే పని నువ్వు చూడు. వాడు నీ మాటే వింటాడు.

 

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, నాచారం